కీర్తన 11:6 – "ఉరులు కురిపించును": ఉచ్చులా, నిప్పులా?

తీతు_గుంటూరు
అందరికీ వందనాలు. ఆదివారం 11వ కీర్తన ధ్యానం ఉంది. 6వ వచనం దగ్గర ఆగిపోయాను. మన పాత అనువాదం ఇలా ఉంది: "దుష్టులమీద ఆయన ఉరులు కురిపించును, అగ్నిగంధకములును వడగాలియు వారికి పానీయభాగమగును."
ఉరులు అంటే ఉరితీయడమా? అలాగైతే "కురిపించడం" ఏమిటి? ఇంగ్లీషు ఎన్‌ఐవీలో, ఈఎస్‌వీలో నిప్పు కణికలు అని ఉంది, కింగ్ జేమ్స్‌లో ఉచ్చులు అని ఉంది. వాట్సాప్‌లో తిరుగుతున్న స్లైడ్‌లో అయితే ఏకంగా "ఉరుములు కురిపించును" అని కొట్టారు. ఏది సరి? పానీయభాగం సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

హెబ్రీ_అక్షరం
ముందు ఆ స్లైడ్ తీసేయించండి బ్రదర్. ఉరుములకు ఇక్కడ చోటే లేదు, అది టైపింగ్ పొరపాటు.

ఉరి అంటే ఉరికంబం కాదు. పాత తెలుగులో పిట్టల్ని, కుందేళ్లని పట్టడానికి వేటగాడు ఒడ్డే ఉచ్చు. "ఉరులొడ్డు" అనే పలుకుబడి అక్కడిదే. కీర్తన 124:7 చూడండి: "పక్షి తప్పించుకొనినట్లు మన ప్రాణము వేటకాండ్ర ఉరినుండి తప్పించుకొని యున్నది." అక్కడా ఇక్కడా హీబ్రూ మాట ఒక్కటే, పహ్. బహువచనం పహీమ్.

ఇక నిప్పులు ఎక్కడినుంచి వచ్చాయంటే, అచ్చులు లేకుండా రాస్తే పహీమ్ నాలుగు అక్షరాలు: పే, హెత్, యోద్, మేమ్. చివరి రెండూ తారుమారు చేస్తే పే, హెత్, మేమ్, యోద్. అప్పుడు "పహమే" అవుతుంది. పక్కనే ఉన్న ఏష్ (అగ్ని) తో కలిపితే "అగ్ని బొగ్గులు", అంటే నిప్పు కణికలు. రాతగాడి చేతిలో రెండు అక్షరాలు తిరగబడ్డాయని కొందరు పండితుల ఊహ. ఆకాశంనుంచి ఉచ్చులు కురవడం విడ్డూరంగా ఉంది, నిప్పులు కురవడం సబబుగా ఉంది, అదీ వాళ్ల వాదం.

నిప్పుకణిక
ఊహ అని తేలిగ్గా తీసేయకండి సార్. రెండో శతాబ్దం చివర్లో హీబ్రూనుంచి గ్రీకులోకి తర్జుమా చేసిన సిమ్మాకస్ ఇక్కడ "బొగ్గులు" అనే రాశాడు. అంటే ఇది నిన్న మొన్నటి పండితుల కల్పన కాదు. పైగా ఆదికాండం 19:24లో సొదొమ మీద గంధకం, అగ్ని "కురిపించి" అని ఉంది. క్రియ అదే, గంధకం అదే, అగ్ని అదే. ఈ కీర్తన రాసిన దావీదు ఆ సంఘటనే మనసులో పెట్టుకున్నాడు. సొదొమలో ఉచ్చులు ఎక్కడున్నాయి?

హెబ్రీ_అక్షరం
సిమ్మాకస్ సంగతి నిజమే. కానీ అతనికంటే ముందు, క్రీస్తుకు పూర్వమే తయారైన గ్రీకు అనువాదం సెప్టువజింతు ఇక్కడ "పగిదాస్" అంది, అంటే ఉచ్చులు. లాటిన్ అనువాదం వుల్గాతా "లాక్వెయోస్" అంది, అదీ ఉచ్చులే. సిమ్మాకస్ ముందున్న ప్రతిలో బొగ్గులే ఉన్నాయో, మనలాగే "ఉచ్చులు కురవడమేంటి" అనుకొని సర్దాడో తేల్చడం కుదరదు. ఒక్క సాక్షి మాట మీద అక్షరాలు మార్చేయడానికి నాకు చెయ్యి రాదు.

ఇంకో చిక్కు. పెహామ్ అంటే బొగ్గు, రాజుకున్న నిప్పు కణికకు మామూలుగా వాడే మాట గహెలెత్. సామెతలు 26:21లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి: "వేడిబూడిదెకు బొగ్గులు, అగ్నికి కట్టెలు." అక్కడ పెహామ్ అంటే ఇంకా అంటుకోని నల్ల బొగ్గు, పొయ్యిలో వేయబోయేది. దేవుడు పైనుంచి నిప్పులు వేయడం గురించి కీర్తనలు చెప్పేటప్పుడు వాడేది గహెలెత్. 18:12 అంతే, 140:10లో "కణకణలాడు నిప్పులు" అంతే. 11:6లో కూడా నిప్పులే ఉద్దేశమైతే కవి చేతికి అందుబాటులో ఉన్న మాట అది.

నిప్పుకణిక
యెషయా 54:16లో కమ్మరి ఊదే నిప్పుకు పెహామే వాడారు. 44:12లోనూ కొలిమి దగ్గర పెహామే. కాబట్టి మండే బొగ్గుకు ఆ మాట రాదు అనలేం.

హెబ్రీ_అక్షరం
ఒప్పుకుంటాను. "రాదు" అనలేం, "తక్కువ" అనొచ్చు. రెండూ కొలిమి సందర్భాలే అన్నది గమనించండి.

కడప_కాపరి
అక్షరాల గొడవ పక్కన పెట్టి కీర్తన మొదటి వచనం చదవండి తమ్ముళ్లూ. "పక్షివలె, నీ కొండకు పారిపొమ్ము అని మీరు నాతో చెప్పుట యేల?" ఇక్కడినుంచే కదా మొదలు. స్నేహితులు దావీదును పిట్టతో పోల్చి పారిపొమ్మంటున్నారు. రెండో వచనంలో దుష్టులు చీకట్లో విల్లు ఎక్కుపెట్టారు, అంటే వేటగాళ్లు. పిట్ట, వేటగాడు ఉన్న పాటలో ఆరో వచనానికి ఉచ్చు రావడం విడ్డూరమా? వేటాడేవాడి నెత్తినే ఉచ్చు పడింది, అదీ నేలమీద ఒడ్డింది కాదు, పైనుంచి వానలా. పిట్టకైతే ఎగిరిపోవడానికి ఆకాశం ఉంది. ఉచ్చే ఆకాశంనుంచి పడితే ఇక ఎటు పోతాడు?

సొదొమలో ఉచ్చులు లేవన్న మాట నిజం. కవి సొదొమను తెచ్చి, దానికి తన పాటలోని ఉచ్చును తగిలించాడు. ఈ విడ్డూరం కవి కావాలని చేసింది. సరిదిద్దితే పాట చప్పబడిపోతుంది.

స్ట్రాంగ్స్_సాయం
ఒక సందేహం. బైబిలు మూలభాషల మాటలకు నంబర్లిచ్చే స్ట్రాంగ్స్ నిఘంటువులో పహ్‌కు ఇచ్చిన 6341 నంబరు కింద "లోహపు రేకు" అని కూడా ఉంది. దేవుడు దుష్టులమీద కాలిన ఇనుప రేకులు కురిపిస్తాడని ఒక ప్రసంగంలో వచ్చింది. కుదురుతుందా?

హెబ్రీ_అక్షరం
కుదరదు. నంబర్లతో పని చేసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇలాంటి చోటే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పహ్ అనే ధ్వనితో రెండు అర్థాలున్నాయి. ఒకటి ఉచ్చు. ఇంకొకటి సాగగొట్టిన పలుచని రేకు. ఈ రెండోది నిర్గమ 39:3లో ఏఫోదు (యాజకుడి పైవస్త్రం) కోసం బంగారాన్ని రేకులుగా కొట్టినచోట, సంఖ్యా 16:38లో మోషేమీద తిరగబడ్డ కోరహు సమాజంవాళ్ల ధూపార్తులను బలిపీఠానికి రేకులుగా కొట్టినచోట వస్తుంది. ఆ సంఖ్యాకాండ వచనం హీబ్రూ ప్రతుల్లో 17:3గా ఉంటుంది, వెతికేటప్పుడు తికమక పడకండి. స్ట్రాంగ్స్ ఈ రెండర్థాలనూ ఒకే నంబరు కింద పెట్టింది. నంబరు ఒకటైనంత మాత్రాన ప్రతిచోటా రెండర్థాలూ పనిచేయవు. తెలుగులో "అల" అంటే కెరటం కూడా, పాత పద్యాల్లో "ఆ" అనే అర్థం కూడా. సముద్రం గురించిన వాక్యంలో రెండో అర్థం ఎవరూ వెతకరు కదా.

చూసే పద్ధతి ఇది. ముందు 6341 ఉన్న వచనాలన్నీ బయటికి తీయండి. పిట్ట, వేటగాడు, చిక్కుకోవడం, తప్పించుకోవడం ఉన్నవి ఒక వరస, సుత్తి, బంగారం, ధూపార్తి ఉన్నవి ఇంకో వరస. రెండో వరస చాలా చిన్నది, అక్కడ పక్కనే లోహపు పని కనిపిస్తుంది. మన కీర్తనలో లోహం పని లేదు, పిట్ట ఉంది. ఆ తర్వాత 6352 (పెహామ్), 1513 (గహెలెత్) తీసి పోల్చుకోండి. మొత్తం అరగంట పని.

లాటిన్_పాఠం
కథోలిక పాత ప్రతుల్లో చూసేవాళ్లకు ఒక మాట: సెప్టువజింతు, వుల్గాతా లెక్కలో ఇది 10వ కీర్తన. 9, 10 కీర్తనలు అక్కడ ఒకటే. లాటిన్ పదకొండులో ఈ వచనం దొరక్క కంగారు పడకండి.
ఇంకోటి, వడగాలి దగ్గర గ్రీకు "తుపాను గాలి" అంది, లాటిన్ కూడా అదే దారి. కింగ్ జేమ్స్‌లో "భయంకర తుపాను" వచ్చింది అందుకే.

రూతు_సిస్టర్
తెలుగువాళ్లకు ఆ విషయంలో అదృష్టం. వడగాలి అన్నాక ఇంకేం చెప్పనక్కర్లేదు. హీబ్రూలో రూఅహ్ జిల్‌ఆఫోత్. ఈ జిల్‌ఆఫా అనే మాట పాత నిబంధన మొత్తంలో మూడుసార్లే వస్తుంది. ఇక్కడ, విలాపవాక్యములు 5:10లో కరువు మంటకు, కీర్తన 119:53లో భక్తిహీనులను చూసి కలిగే రోషానికి. మూడుచోట్లా కాల్చే వేడే. కాబట్టి తుపానుకంటే వడగాలే దగ్గర.

చిన్న తేడా మాత్రం ఉంది. మన రెంటచింతల, రామగుండం వడగాలి మే నెలది, వాయవ్యంనుంచి వస్తుంది. ఇశ్రాయేలు దేశంలో వేడిగాలి తూర్పు ఎడారిమీదుగా వస్తుంది, నడి వేసవిలో కంటే వసంతంలోనూ శరత్తులోనూ ఎక్కువ. వానాకాలం పోగానే కొండలమీద పచ్చగడ్డి ఉంటుంది, ఈ గాలి ఒకటి రెండు రోజులు కొడితే చాలు, గడ్డి మాడి గోధుమ రంగుకు వస్తుంది. యెషయా 40లో గడ్డి ఎండిపోవడం, పువ్వు వాడిపోవడం ఈ దృశ్యమే. దుష్టుడి పచ్చదనం ఎంతసేపు అన్నది వినేవాళ్లకు చెప్పకుండానే తెలిసిపోతుంది.

గంధకం గురించి కూడా. అది 115 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అంటుకుంటే నీలి మంటతో కాలుతూ కారుతుంది, పొగ గొంతు పట్టేస్తుంది. ద్వితీయోపదేశకాండం 29:23లో గంధకం, ఉప్పు పడ్డ నేలలో విత్తనం వేయరు, ఏదీ మొలవదు. కాబట్టి గంధకం అంటే అప్పటికప్పుడు కాలడం ఒక్కటే కాదు, ఆ చోటు తర్వాత కూడా పనికిరాకుండా పోవడం.

తీతు_గుంటూరు
చాలా ఉపయోగం సిస్టర్. పానీయభాగం?

రూతు_సిస్టర్
హీబ్రూలో మెనాత్ కోసామ్, అక్షరాలా "వారి గిన్నెలోని పాలు". పాలు అంటే వాటా, తాగే పాలు కాదు! విందులో ఇంటి యజమాని ఒక్కొక్కరి గిన్నెలో ఇంతని పోస్తాడు, ఎవరికి పోసింది వాళ్లు తాగాలి. మన అనువాదకులు గిన్నెను "పానీయం"లో కలిపేశారు. తప్పు కాదు, కానీ గిన్నె కనబడకుండా పోయింది. ఇప్పుడు పానీయం అంటే జనానికి కూల్‌డ్రింకే గుర్తొస్తుంది.

ఇక్కడ ఎవరూ వదులుకోకూడని పోలిక ఒకటుంది. నాలుగు పేజీలు తిప్పక్కర్లేదు, కీర్తన 16:5 చూడండి: "యెహోవా నా స్వాస్థ్యభాగము నా పానీయభాగము." అదే మెనాత్, అదే కోస్. ఒకరి గిన్నెలో గంధకం, ఇంకొకరి గిన్నెలో యెహోవాయే. మన పాత అనువాదం రెండుచోట్లా ఒకే మాట "పానీయభాగము" వాడి ఆ సంబంధాన్ని కాపాడింది. కొత్త అనువాదాలు ఇక్కడ "గతి" అనో "వంతు" అనో తేలిక చేస్తే ఆ ముడి ఊడిపోతుంది.

75:8 కూడా కలపండి. యెహోవా చేతిలో పాత్ర, పొంగే ద్రాక్షారసం, భక్తిహీనులు మడ్డితో కూడ పీల్చి మింగాలి. ఆ తర్వాత మార్కు 14:36లో యేసు ప్రార్థన, "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించుము." ప్రసంగం అక్కడికి వెళ్లాలనుకుంటే దారి ఉంది. కానీ ఒక్క అంగలో దూకకండి, 75 మీదుగా వెళ్లండి.

రోములు_1219
ఒక ప్రాక్టికల్ ప్రశ్న. ఇది ప్రవచనమా, శాపమా? ఈఎస్‌వీలో "కురిపించును గాక" అన్నట్టు ఉంది. సంఘంలో కొందరు తమకు అన్యాయం చేసినవాళ్లమీద ఈ వచనం పేరుపెట్టి ప్రార్థిస్తున్నారు.

హెబ్రీ_అక్షరం
వ్యాకరణం: మామూలు రూపం యమ్‌టీర్. ఇక్కడున్నది యమ్‌టేర్, కురచ రూపం. కురచ రూపం సాధారణంగా "గాక" అర్థమిస్తుంది, ఈఎస్‌వీ పట్టుకున్నది అదే. అయితే కవిత్వంలో కురచ రూపం మామూలు భవిష్యత్తుకు కూడా వస్తుంది. గ్రీకు భవిష్యత్తుగానే తీసుకుంది, మన "కురిపించును" కూడా. వచనం రెండో సగంలో క్రియే లేదు, "వారి గిన్నె పాలు" అని తేల్చి చెప్పడమే. కాబట్టి మొత్తంమీద దావీదు తీర్పును ప్రకటిస్తున్నాడు అని చదవడమే నాకు సమ్మతం. "గాక" చదివినా తప్పని అనను.

కడప_కాపరి
గాక అయినా, కాకపోయినా, ఎవడి పేరూ లేదు కదా ఈ కీర్తనలో! అది చూడండి. పేరు పెట్టడం మన పని కాదు. నాలుగో వచనంలో "పరిశీలించుచున్నాడు", అయిదులో "పరిశీలించును", రెండుచోట్లా బాహన్ అనే క్రియే. లోహాన్ని కరిగించి మేలిమి చూడడానికి కూడా వాడతారు ఆ మాటను. అంటే ఆరో వచనం కోపంతో ఊగిపోయి వేసిన శిక్ష కాదు, పరీక్ష అయ్యాక వచ్చిన తీర్పు. అందులో నీతిమంతుడికి కూడా మినహాయింపు లేదు, ముందు పరీక్షించేది అతన్నే. ఇది దాటేసి ఆరుకు దూకేవాళ్లే వచనాన్ని రాయిలా విసురుతారు.

యాకోబు, యోహాను సమరయ గ్రామం మీద ఆకాశంనుంచి అగ్ని అడిగితే ప్రభువు వాళ్లనే గద్దించాడు. లూకా 9:55.

నిప్పుకణిక
ఇంకో జాడ్యం కూడా రాయండి. ఎక్కడ ఉప్పెన వచ్చినా, వడగాలికి జనం చచ్చిపోయినా ఈ వచనం పోస్టు చేసేస్తారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు మిగతా కోస్తావాళ్లకంటే దుష్టులా? లూకా 13:4 ఉండనే ఉంది, సిలోయము గోపురం పడి చచ్చిన పద్దెనిమిదిమంది. మత్తయి 5:45 ప్రకారం మామూలు వాన నీతిమంతులమీదా, అనీతిమంతులమీదా పడుతుంది. వడగాలి కూడా అంతే. ఎండకు ముందు పడేది ఉపాధి కూలీ, దుష్టుడు ఏసీలో ఉంటాడు.

కడప_కాపరి
ఈ మాటకు మాత్రం నిప్పులు కాదు, పూలు కురిపించాలి తమ్ముడూ.

స్ట్రాంగ్స్_సాయం
అయిదో వచనంలో "బలాత్కారాసక్తులు" అని ఉంది. అంటే అత్యాచారం చేసేవాళ్ల గురించేనా ఇది?

రూతు_సిస్టర్
కాదు, వాళ్లు కూడా అందులోకి వస్తారు. హీబ్రూలో "హామాస్‌ను ప్రేమించేవాడు". హామాస్ అంటే దౌర్జన్యం, బలంతో ఇతరుల హక్కు తొక్కేయడం. ఆదికాండం 6:11లో జలప్రళయానికి ముందు భూలోకం "బలాత్కారముతో నిండియుండెను" అన్నది కూడా ఇదే. అనువాదం నాటికి బలాత్కారం అంటే బలవంతంగా చేసేదేదైనా. ఇప్పుడు పేపర్ల భాషలో అర్థం ఒక్కదానికే కుదించుకుపోయింది. సంఘంలో చదివేటప్పుడు "దౌర్జన్యాన్ని ఇష్టపడేవాళ్లు" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లండి. భూమి కబ్జా, వడ్డీకి ఇంటిమీద పడడం, కూలి ఎగ్గొట్టడం, అన్నీ వస్తాయి. దుష్టుడు అని ఆరో వచనం అంటున్నది ఎవరినో అయిదో వచనమే చెప్పేసింది, మనం వేరే జాబితా రాయనక్కర్లేదు.

తీతు_గుంటూరు
అర్థమైంది. నేను ఉరులే ఉంచి, "ఉచ్చులు" అని వివరణ ఇస్తాను. నిప్పు కణికల పాఠం కూడా ఉందని ఒక్క వాక్యంలో చెప్తే చాలా?

హెబ్రీ_అక్షరం
చాలు. "కొన్ని అనువాదాల్లో నిప్పు కణికలు అని ఉంటుంది, రెండు అక్షరాల తేడా" అంతే. ప్రతుల చరిత్ర వేదికమీద విప్పితే వినేవాళ్లు పిట్టను మర్చిపోతారు.

చదివేటప్పుడు విరుపు మాత్రం జాగ్రత్త. హీబ్రూ చదువరులు పెట్టిన స్వర గుర్తుల ప్రకారం పెద్ద విరుపు పహీమ్ తర్వాతే. మన పాత అనువాదం సరిగ్గా అలాగే విరిచింది. "దుష్టులమీద ఆయన ఉరులు కురిపించును" దగ్గర ఆగాలి. తర్వాత "అగ్నిగంధకములును వడగాలియు వారికి పానీయభాగమగును." చాలామంది "ఉరులు కురిపించును అగ్నిగంధకములును" అని ఒకే ఊపులో చదివేస్తారు, అప్పుడు నిప్పు కూడా కురిసేదాంట్లో కలిసిపోయి గిన్నె ఖాళీ అవుతుంది.

నిప్పుకణిక
నా పాఠంలో అయితే ఆ విరుపు జరపాలి, "నిప్పు కణికలును గంధకమును కురిపించును" అని. గిన్నెలో వడగాలి ఒక్కటే మిగులుతుంది, ఎన్‌ఐవీ అలాగే ఉంది. స్వర గుర్తులు అక్షరాలకంటే చాలా తర్వాత వచ్చినవి అన్నది మాత్రం గుర్తుంచుకోండి. నేనింకా ఓడిపోలేదు.

హెబ్రీ_అక్షరం
ఓడిపోలేదు, కానీ ఇప్పుడు మీరు అక్షరాలతోబాటు విరుపు కూడా మార్చాల్సి వచ్చింది. రెండు మార్పులు.

తీతు_గుంటూరు
స్లైడ్ మార్చేశాను: "ఉరులు (ఉచ్చులు) కురిపించును". కింద 1వ వచనంలోని పిట్ట బొమ్మ పెట్టాను. మెరుపుల బొమ్మ తీసేశాను. 7వ వచనం, "యథార్థవంతులు ఆయన ముఖదర్శనము చేసెదరు", అదే స్లైడ్‌లో పట్టడం లేదు, ఇంకోదాంట్లో పెడుతున్నా.

రూతు_సిస్టర్
అక్షరాలు చిన్నవి చేసైనా సరే ఒకే దాంట్లో పెట్టండి బ్రదర్. ఆరు దగ్గర స్లైడ్ అయిపోతే జనం ఆరునే ఫోటో తీసుకుని ఫార్వర్డ్ చేస్తారు.